ఇనుప పట్టీ లేని మూట

నువ్వా? కైరో అంతా వదిలేసి నా ఒళ్ళోకే రావాలా, షౌకీ?

మూట విప్పలేదులే. గుడ్డ మీదనుంచే తడిమాను. మీ అన్న ఎడమ తొడ ఎముకకి జానెడు ఇనుప పట్టీ ఉండాలి, ఆరు స్క్రూలతో. జైల్లో విరగ్గొట్టారు, ఆ జైలు డాక్టరే బిగించాడు. ఇరవయ్యారు చలికాలాలు నేను నూనె రాసిన కాలది, నాకు తెలీదా? ఈ మూటలో ఎముక నున్నగా ఉంది. దెబ్బ తినని కాలు. మీ అన్నదమ్ములిద్దరిలో దెబ్బ తినని కాళ్ళు నీవే గదా మరిదీ.

అంతా ఆ బయ్యూమీ నిర్వాకం. నలభై ఏళ్ళు మీ సమాధికి కాపలా కాసినవాడు, మీ ఇద్దరి ఎముకల్నీ బయటికి తీసి రెండు కొత్త గుడ్డల్లో కట్టి పెన్నుతో పేర్లు రాశాడు. హిల్మీ అని నీ మీద, షౌకీ అని మీ అన్న మీద. వాణ్ణని ఏం లాభంలే, అవతల బుల్‌డోజర్ వీధి మొగలోనే నిలబడి ఉంది. రోడ్డు వేస్తారట. చచ్చినవాళ్ళ చేత కూడా ఇల్లు ఖాళీ చేయించే రోజొస్తుందనుకున్నామా?

నిన్న నీ కొడుకు వజీహ్ వచ్చాడు. నావైపు చూడనైనా చూడలేదు. తండ్రి అనుకుని మీ అన్నని ఫయ్యూమ్ తీసుకుపోయాడు, అత్తారి ఊళ్ళో సమాధి కట్టించాడట. పాపం, కారు ముందు సీట్లో పెట్టి బెల్టు కూడా కట్టాడు. నాకు నువ్వు మిగిలావు. ఈ ఎడారిదాకా మైక్రోబస్సులో నిన్ను ఒళ్ళో పెట్టుకుని, మా ఆయనతో చెప్పుకున్నట్టు నా కష్టాలన్నీ నీకు చెప్పుకున్నాను. నేను హిల్మీని కాదు వదినా అని ఒక్క మాట అనొద్దూ? అవున్లే, నోరు మూసుకోవడం నీకు అలవాటే.

ఈ కొత్త సమాధి చూశావా? పిల్లల్లేని ముసలిదానికి ఒక్క గది చాలన్నారు. నాకెంత సంతోషమేసిందో తెలుసా? పాతచోట మగాళ్ళకి కుడివైపు గది, ఆడాళ్ళకి ఎడమవైపు గది, మధ్యన మూరెడు గోడ. ఆరేళ్ళు జైలు గోడ బయట నిలబడ్డాను, పోయాక ఇంకో గోడా అని కుమిలేదాన్ని. ఇక్కడ గోడ లేదు. మధ్యలో ఇసుక గట్టు పోస్తే చాలని బయ్యూమీని బతిమాలి ఒప్పించాను. తీరా చూస్తే, పరాయి మగాడి పక్కన పడుకోవాలా ఈ వయసులో?

వజీహ్‌కి ఫోన్ చేస్తే అయిపోతుంది. మూటలు మారాయిరా, తీసుకురా అంటే చాలు. వాడు ఎత్తితే గదా. ఎందుకెత్తుతాడు? వాళ్ళ నాన్న సొంత అన్నని పోలీసులకి పట్టిచ్చాడని మన షుబ్రా పేటంతా చాటిందాన్ని నేనే. మిల్లు గేటు దగ్గర చెప్పాను, రొట్టెల క్యూలో చెప్పాను. పండగ పొద్దున సమాధి దగ్గర బన్నులు పంచుతూ నీ పిల్లల చేతుల్ని దాటిపోయాను. నీ జనాజాకి మీ అన్న భుజం పట్టలేదు.

సరే. ఇక్కడ వినేవాళ్ళెవరూ లేరు. చెబుతాను. నీకు తెలియనిదేం కాదుగా.

రొట్టె ధర పెంచిన ఆ జనవరి. ఊరు ఊరంతా వీధుల్లో ఉంది. మేడ మీద నీ పావురాల గూట్లో మీ అన్న కరపత్రాల మెషీన్ దాచాడు. మామూలు బట్టల్లో ఒక ఆఫీసరొచ్చాడు. మెత్తటి గొంతు. "ఐదు నిమిషాలు చెల్లెమ్మా. రెండు ప్రశ్నలడిగి పంపేస్తాం. వెతికి పట్టుకోవాల్సొస్తే మాత్రం మావాళ్ళ చేతులు నేను ఆపలేను," అన్నాడు. రెండు సమ్మెలు నడిపినదాన్ని, మేనేజరు నోరు తెరవకముందే అబద్ధం పసిగట్టేదాన్ని. నమ్మాను. "పావురాల దగ్గరున్నాడు," అన్నాను.

నువ్వు మెట్ల మీదున్నావు, చేతిలో గింజల డబ్బాతో. విన్నావు.

ఇద్దర్నీ పట్టుకెళ్ళారు. నిన్ను మర్నాడే వదిలేశారు. వీణ్ణెలా వదిలారబ్బా అని వీధిలో గుసగుసలు మొదలైతే, నేను తల ఊపాను. మొదట తల ఊపడమే షౌకీ. మాటలు తర్వాతొచ్చాయి.

ఒక్కసారైనా నోరు తెరవలేదేంరా? అన్న తిరిగొచ్చేసరికి ఇంట్లో పెళ్ళామంటూ ఒక మనిషి ఉండాలనుకున్నావా? ఆయన కుంటుకుంటూ వచ్చాడు. పోయేదాకా నిన్ను తిట్టాడు. నేను పక్కన కూర్చుని మందులందించాను.

అదిగో, బయ్యూమీ గది ఊడ్చి పైకొచ్చాడు. చేతిలో బ్రష్, నల్లరంగు డబ్బా. "హాజ్జమ్మా, పలక మీద హిల్మీ అనే గదా?" అంటున్నాడు.

షౌకీ అని రాయమన్నాను. వెర్రిచూపు చూస్తున్నాడు. "ముందు రాయవయ్యా, తర్వాత తీరిగ్గా ఆశ్చర్యపోదువుగాని."

ఆరాక ఫొటో తీసి వజీహ్‌కి పంపమంటాను. ఫోన్ ఎత్తకపోయినా ఫొటో చూస్తాడుగా. చూస్తే వస్తాడు. మూటల సంగతి చెబుతాను, మెట్ల సంగతీ చెబుతాను. తిడతాడు. తిట్టనీ. మీ అన్న పోయి పద్నాలుగేళ్ళు. నా గుమ్మంలో ఒక మనిషి నిలబడి గొంతెత్తి అన్నేళ్ళే అయింది.