మిగిలింది మిగిలినట్టే చూపిన మనిషి

1993 నవంబరు ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం, చేతిలో నియామకపు ఉత్తర్వు, చంకలో ఒక నల్లగొడుగు పట్టుకుని, శ్రీ మార్కండేయ గారు ధర్మవరం బస్సు దిగి అనంతపురంలోని మన ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే గుమాస్తాగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. మబ్బు తునక లేని రోజున గొడుగెందుకని అడిగిన వారికి, "ఎండ మాత్రం తక్కువుందా అప్పా?" అని బదులిచ్చారట. ముప్పై రెండేళ్ళ సేవ అనంతరం ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో నాలుగు మాటలు రాయవలసిందిగా ప్రత్యేక సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. వారితో ఏడాదికి పైగా మాటలు మానుకున్న ఏకైక సహోద్యోగిని నేనే గనుక, రాసే అర్హత నాకే ఎక్కువుందని ఒప్పుకున్నాను.

నేత కుటుంబంలో జన్మించి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే పదవ తరగతి పాఠాలు చదువుకున్న మార్కండేయ గారికి ఓర్పు పుట్టుకతో వచ్చిన విద్య. ఓపీ కిటికీ వెనుక కూర్చున్న పదమూడేళ్ళలో వారు రోగి పేరుతోపాటు ఊరు, వాన సంగతి, వెంట వచ్చినవారి క్షేమం అడగకుండా చీటీ చింపి ఇచ్చిన దాఖలా లేదు. కుందుర్పి వైపు నుండి వచ్చేవారి కోసం కన్నడం నేర్చుకున్నారు. కిటికీ ముందు వరుస బారుగా పెరిగేది, పైవారికి విసుగు కలిగేది. అయినా వారు తమ పద్ధతి మార్చుకోలేదు.

2006లో మన ఆసుపత్రిలో ఔషధ పరిశోధన విభాగం ప్రారంభమైనప్పుడు, ఆ విసుగు తెప్పించిన పద్ధతే వారిని క్షేత్ర సమన్వయకర్తగా ఎంపిక చేయించింది. సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం ఆ పని ఏమిటో చెప్పాలి. ఒక కొత్త మందు అంగడికి రాకముందు, అది నిజంగా మేలు చేస్తుందో లేదో తెలుసుకోవడానికి, తమంతట తాము ఒప్పుకున్న రోగులకు ఇచ్చి చూస్తారు. కొందరికి కొత్త మందు, కొందరికి పాత మందు. ఎవరికి ఏది వెళ్ళిందో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. అటువంటి రోగులను వెతికి, విషయం అర్థమయ్యేలా చెప్పి, ఇష్టపడితేనే సమ్మతి పత్రంపై సంతకమో వేలిముద్రో తీసుకోవడం మార్కండేయ గారి బాధ్యత.

కంబదూరు దగ్గర నరసింహప్ప అనే రైతు, తొలి పరిశోధన నాడు, వారిని అరుగు మీద కూర్చోబెట్టి సూటిగా అడిగినాడు: "ఏమప్పా, మా మీద ప్రయోగం చేస్తాండారా?"

వెంట ఉన్న మా డాక్టరు గారు కంగారుపడి వేరే మాట వెతుకుతుండగా మార్కండేయ గారు, "అవునన్నా, ప్రయోగమే," అన్నారు. "రెండు మగ్గాల మీద రెండు చీరలు నేస్తాము. ఏది నిలుస్తాదో ఉతికితే గదా తెలిసేది? నీకు వద్దనిపిస్తే ఈ పొద్దే చెప్పు, నడాన, సగంలో మానుకున్నా సరే. ఆసుపత్రిలో నీ వైద్యం ఆగదు. నేను చెప్పిందంతా ఇప్పుడు నువ్వు నాకు చెప్పు."

అదే వారి పద్ధతి. సమ్మతి పత్రం పదకొండు పేజీలూ ఇంటి భాషలో వినిపించి, విన్నవారి చేత తిరిగి చెప్పించుకునేవారు. చెప్పినది సరిగా ఉన్నా ఆనాడే వేలిముద్ర తీసుకోకుండా, ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకుని రమ్మని పంపేవారు. నరసింహప్ప ఎనిమిది రోజులకు వచ్చినాడు. ఇదే పరిశోధన నడిచే ఇతర ఊళ్ళ కేంద్రాలు నెలకు యాభైమందిని చేర్చుకునే చోట మనం పద్దెనిమిది మంది దగ్గర ఆగిపోయేవాళ్ళం. అయితే మనవాళ్ళు మధ్యలో వదిలిపోయేవారు కారు.

నేను 2014లో కాంట్రాక్టు పద్ధతిన రికార్డుల విభాగంలో చేరాను. 2017లో షుగరు వ్యాధికి ఒక కొత్త బిళ్ళ మీద పరిశోధన మనకు వచ్చింది. అరవై నాలుగు మంది రోగులు చేరారు. నెలనెలా ఇచ్చే డబ్బీని తిరిగి తెస్తే మిగిలిన బిళ్ళలు లెక్కించి రాయడం నా పని. "డబ్బీలో ఒక్క బిళ్ళ మిగలగూడదు," అని మార్కండేయ గారు ప్రతి ఇంట్లోనూ గట్టిగా చెప్పి వచ్చేవారు. వారి మాట ఆ ఊళ్ళలో ఎంతగా చెల్లుతుందంటే, ఎనిమిది నెలలపాటు నా బల్ల మీదకు వచ్చిన ప్రతి డబ్బీ ఖాళీయే. తనిఖీకి వచ్చిన మందుల కంపెనీవారు దేశంలో ఇంత చక్కటి లెక్క చూడలేదని మెచ్చుకుని ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని నేనే అద్దం కట్టించి గోడకు తగిలించాను.

ఆ ఏడు చెనక్కాయ, అదే వేరుశనగ, పీకే రోజుల్లో, కుందుర్పి నుండి లక్ష్మీదేవి అనే ఆమెను ఆటోలో తెచ్చారు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, చేనులో కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తంలో షుగరు ప్రమాదకరంగా తగ్గింది. గ్లూకోజు ఎక్కించాక సాయంత్రానికి తేరుకుంది. ఆమె మన పరిశోధనలో లేదు. పరిశోధనలో ఉన్నది వెంట వచ్చిన ఆమె మరదలు రామాంజినమ్మ.

"నా బిళ్ళలే మింగింది అన్నా," అని రామాంజినమ్మ ఏడుస్తూ చెప్పింది. "పనికని బెంగుళూరు పోయింటి, డబ్బీ ఇంట్లోనే మర్చిపోయినా. వచ్చి చూస్తే ఆరు మిగిలిండాయి. ఒక్కటీ మిగలగూడదని నువ్వు చెప్పింటివే. నీకు చెడ్డపేరు రాగూడదు గదా. పారేసేకి మనసు రాలే. వదినకీ షుగరే గదా అని ఇచ్చినా."

గింజ నేలరాలితే ఏరుకునే ఇంట్లో మందు పారేస్తారని అనుకోవడం మా తెలివితక్కువ. మార్కండేయ గారు నేరుగా నా గదికి వచ్చి, గోడ మీది ప్రశంసాపత్రాన్ని తీసి బోర్లా పెట్టారు. "ఆయమ్మది తప్పు గాదు జ్యోతమ్మా, నాది. మిగలగూడదని చెప్పినా గానీ, మిగిలితే ఏం చేయల్లో చెప్పలేదు. ఒగ ఇంట్లో జరిగిందంటే శానా ఇండ్లలో జరిగింటాది."

జరిగిందంతా రాసి కంపెనీకి పంపితే పరిశోధన ఆగిపోతుందని, విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగులందరమూ ఇంటికి పోతామని మాకు తెలుసు. లక్ష్మీదేవి సంగతి ఒక్కటే తెలియజేసి ఊరుకుందామని విభాగమంతా అంది. అందరికంటే పెద్ద గొంతు నాదే. "అన్నా, మీ మంచితనం కోసం మా కడుపులు కొడతారా?" అని నిలదీశాను. ఈ వాక్యాన్ని అచ్చులో చూసుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా నేనన్నది అదే.

"నీ కడుపు కొట్టాలని నాకుందా తల్లీ?" అన్నారు వారు. "ఈ బిళ్ళ మంచిదని తేలితే రేపు లక్షలమంది మింగుతారు. ఈడ నువ్వూ నేనూ రాసిన లెక్క నమ్మి మింగుతారు. వాళ్ళలో ఒగరన్నా మన మొగం చూసింటారా?"

ఆ మరునాటి నుండి పదకొండు రోజులు, జీపు చొరబడని చోట నడిచి, అరవై నాలుగు ఇళ్ళకూ వెళ్ళారు. "బిళ్ళలన్నీ మింగినారా?" అని ఈసారి అడగలేదు. "తప్పు నాది, నిజం చెప్పండి, మిగిలినవి ఏం చేసినారు?" అని అడిగారు. ఇరవై మూడు ఇళ్ళలో సమాధానాలు దొరికాయి. కొందరు చుట్టాలకు ఇచ్చారు. కొందరు ఆసుపత్రికి వచ్చే ముందురోజు మూడూ నాలుగూ కలిపి మింగారు. ఒక పెద్దాయన కంది మొక్క మొదట్లో పాతిపెట్టి, కాయ బాగా పట్టిందని కూడా చెప్పాడు. వాటన్నిటినీ ఊరు ఊరుగా రాసి, "ఈ దోషమునకు మూలకారణము నేను చెప్పిన అసంపూర్ణమైన మాట" అనే వాక్యంతో నివేదిక మొదలుపెట్టి, సంతకం చేసి పంపారు.

మేము భయపడినట్టే జరిగింది. కొత్త రోగులను చేర్చుకోవడం నిలిపివేశారు, ఐదుగురు కాంట్రాక్టు ఉద్యోగులను తొలగించారు, వారిలో నేను ఒకదాన్ని. పద్నాలుగు నెలలు జిరాక్సు అంగడిలో కూర్చున్నాను. మార్కండేయ గారు దారిలో కనిపిస్తే ముఖం తిప్పుకున్నాను. ప్రతి సోమవారమూ వారు పాలకవర్గం గదికి వెళ్ళి ఆ ఐదుగురి పేర్లూ చదివి వచ్చేవారని, పోయిన వారమే కదా చదివారని కసురుకుంటే "వాళ్ళింకా రాలేదు గదా సార్" అనేవారని, 2019లో తిరిగి పిలుపు వచ్చాకగాని నాకు తెలియలేదు. ఆ మొదటి రోజు నేను వారి బల్ల దగ్గర నిలబడి ఏడ్చాను. వారు, "డబ్బీలు శానా మిగిలిపోయినాయి జ్యోతమ్మా, లెక్క చూసేవాళ్ళు లేక," అని మాత్రమే అన్నారు.

ఇది జరిగాక ఆ పరిశోధన నడిచిన అన్ని కేంద్రాలలోనూ రోగికి చెప్పే మాట మారింది. మన జిల్లా తెలుగులో సమ్మతి పత్రం చివర ఇప్పుడు కనిపించే "మందు మిగిలితే మిగిలినట్టే తెండి, ఎవరూ కోప్పడరు" అనే వాక్యం మార్కండేయ గారిది. అప్పటినుండి ఖాళీ డబ్బీలు వరసగా వస్తే నాకు నిద్ర పట్టదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన సమన్వయకర్తలు చేర్చుకునే సంఖ్య పెంచాలని తొందరపడితే, వారికి ఈ కథ చెప్పి కుందుర్పికి పంపుతున్నాను.

గత మంగళవారం రామాంజినమ్మ వచ్చింది. కొత్త పరిశోధన తాలూకు డబ్బీ నా ముందు పెట్టి, "రెండు మిగిలినాయి తల్లీ. ఆయప్ప పోతాండాడంట గదా, ఇంగ మీరు తిట్టరు గదా?" అంది. "మేమూ తిట్టము" అని చెప్పి, రెండు అని రాసుకున్నాను. ఆ రెండు అనే అంకె రాస్తుంటే వారు నాకు అప్పగించి వెళుతున్న పని ఏమిటో స్పష్టంగా తెలిసింది. దాన్ని వదలను.

మార్కండేయ గారూ, ధర్మవరంలోని మీ ఇంట్లో, మగ్గం చప్పుళ్ళ నడుమ, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మన విభాగం యావత్తూ మనసారా కోరుకుంటోంది. అయితే ఒక విషయం మీ సతీమణి సుజాత గారు నా చెవిన వేశారు. నాలుగేళ్ళుగా మీకూ షుగరు బిళ్ళలున్నాయని, నెలాఖరుకు మీ డబ్బీలో ఐదారు మిగులుతున్నాయని. ఒకటవ తేదీ నుండి మీరు మాకు అధికారి కారు, మా రోగి. నెలనెలా మీ డబ్బీ పట్టుకుని నా బల్ల దగ్గరకు రండి. మిగిలితే మిగిలినట్టే తెండి. ఎవరూ కోప్పడరు, లెక్క మాత్రం రాసుకుంటాను.

— జ్యోతిలక్ష్మి, రికార్డుల విభాగం