నవంబర్ పని, జనవరి కోత

శాన్ రామన్‌లోని ఒక వంటింట్లో, గ్రోసరీ స్టోర్‌లో సరుకులు బ్యాగుల్లో సర్దే ఇరవై నాలుగేళ్ల కొడుకు, తల్లి చేతిలోని ఉత్తరాన్ని వింతగా చూశాడు.

"అమ్మా, గవర్నమెంట్ ఇచ్చే నా డిసేబిలిటీ చెక్ ఎందుకు తగ్గింది?"

"నవంబర్‌లో రష్ అని ఎక్కువ గంటలు చేశావుగా నాన్నా. అందుకే జనవరిలో కోశారు."

"ఇప్పుడు నాకు అవర్సే లేవు కదా?"

"వాళ్ళు రెండు నెలల కిందటి జీతం చూస్తారు."

"అంతా తీసేసుకుంటారా?"

"లేదు. నీ జీతంలో కొంత వదిలేసి, మిగతాదాంట్లో సగం చెక్‌లోంచి కోస్తారు."

"అయితే వర్క్ చేస్తేనే మొత్తం మీద ఎక్కువ!"

"ఎక్కువే. కానీ ఏ నెల ఎంతొస్తుందో తెలీక నాకు గుండె దడ. మానేస్తావా?"

"మానేస్తే చెక్ ఫుల్‌గా వస్తుందా?"

"వస్తుంది." ఆమె ఆశగా అతని వైపు చూసింది.



"మరి స్టోర్‌లో కొత్తగా చేరినవాడు బ్యాగులో ఎగ్స్ కింద పెట్టి, పైన పాలు పెడితే, వద్దని ఎవరు చెప్తారు?"