ఎర్ర దుప్పటి ఆరేస్తే వచ్చే నర్సమ్మ

ఆ దుప్పటి జోలికి పోకే తల్లీ, అది పారేసేది కాదు. చిరిగిందా? చిరగదూ మరి, దాని వయసు నా వయసుకి రెట్టింపు! సరే, సగమనుకో. అప్పట్లో మేముండే కొండ ఎంత ఎత్తంటే, మబ్బులు మా గడప కిందనుంచి వంగి వెళ్ళేవి. నవ్వకు, నిజం. అంత పైకి డాక్టరెక్కుతాడా, పంతులెక్కుతాడా? కింద పట్నంలో నలుగురు పెద్దమనుషులు చందాలేసుకుని ఒక నర్సమ్మని పెట్టారు. ఆవిడ సంచిలో ఒక పక్క మందులు, ఒక పక్క పలకలు. "ఒంట్లో బాగాలేకపోతే ఇంటికప్పు మీద ఎర్రగుడ్డ వెయ్యండర్రా, కింది మలుపులోంచి చూసి వస్తా" అని చెప్పింది. మా తోడికోడలు ఉందే, మహాతల్లి, ఒకరోజు ఇదిగో ఈ దుప్పటే ఉతికి కప్పు మీద ఆరేసింది. నర్సమ్మ రొప్పుకుంటూ వచ్చేసింది. "ఎవరికమ్మా జబ్బు?" "దుప్పటికే నర్సమ్మా, నల్లులు!" ఆవిడ నవ్విన నవ్వుకి మేకలు బెదిరాయనుకో. తిట్టిందా? అబ్బే, ఎలాగూ వచ్చానుగా అని పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఇంకేం, చదువు కావాలన్నా దుప్పటే, ఊసుపోకపోయినా దుప్పటే. ఈ కొండమీద ఇన్ని రోగాలా అని పట్నం వాళ్ళు బెంగపడి మరిన్ని మందులు పంపారు!

ఆ తర్వాతేనే, మీ అమ్మకి జ్వరం వచ్చింది. చంటిపిల్ల. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, పాలు తాగడం లేదు. కుండపోత వాన. ఆ వానలోనే దుప్పటి వేశాను. "రాదక్కా, మళ్ళీ నల్లులే అనుకుంటుంది" అని తోడికోడలు ఏడుపు. వచ్చింది. మోకాళ్ళదాకా బురద, సంచి మాత్రం కొంగులో పొడిగా. పిల్ల కళ్ళు తెరిచేదాకా ఒళ్ళోంచి దించలేదు. ఉత్తుత్తిదే అనుకోలేదా నర్సమ్మా అని అడిగాను. "అనుకున్నానమ్మా. అయినా రావాలిగా" అంది, అంతే.

ఆవిడ పోయిందని కబురొచ్చిన మర్నాడు, ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదే, ప్రతి కప్పు మీదా ఎర్రటిదేదో ఒకటి. ఇంకేమీ లేని ఓ ముసలాయన తన పెళ్ళినాటి ఎర్ర రుమాలు పరిచాడు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. పొద్దుగూకేదాకా మలుపు వైపే చూస్తూ కూర్చున్నాం...

ఏంటలా చూస్తావ్? ఆ కొస పట్టుకో, మడతేద్దాం.