జేబెజ్ విరగ్గొట్టిన అడ్డకర్ర

"ఆ పొయ్యి పక్క కుర్చీలోంచి లేవరా ఏమోస్! మన లాంకషైర్‌లో ఏ పబ్బులో ఎలా ఉన్నా, ఇక్కడ మాత్రం ఊళ్లోకెల్లా గొప్ప గోలు కొట్టినవాడిదే ఆ కుర్చీ. ముసలి సైలస్ పోయాక అది నాది కాక ఇంకెవరిది? నా మోకాళ్లకి ఆ సెగ తగలాలి," అన్నాడు జేబెజ్.

"ముందు నీ కోతలు కొయ్యన్నా, కొయ్యి. లేచే సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు ఏమోస్, ఇంకాస్త సర్దుకు కూర్చుని.

"నలభై ఏళ్ల కిందటి మాట. పేరుకి మిల్లులో మగ్గం పని, జీతమంతా బంతి తన్నినందుకే. వేళ్లు నలుగుతాయని యజమాని నన్ను మగ్గం ముట్టుకోనిచ్చేవాడే కాదు!"

"ఆడేది వేళ్లతోనా?"

"నోర్ముయ్! ఆ రోజు పక్క ఊరివాళ్లతో ఆట. ఒకటే వాన, బంతి తడిసి పిండిబస్తా అంత బరువుంది. మైదానం మధ్యనుంచి ఒక్కటి తన్నాను. వాళ్ల గోల్‌కీపరు పట్టుకున్నాడు, పాపం, బంతితోబాటే గాల్లోకి లేచాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోలు మీది అడ్డకర్ర ఫెళ్లున రెండు ముక్కలు! అక్కడితో ఆగితేగా? బంతి పోయి పోయి మిల్లు పొగగొట్టంలో దూరింది. ఇంజను ఆగిపోయి మిల్లంతా సెలవు!"

"అదే మిల్లులో పనిచేసిన మా అమ్మ ఆ సెలవు సంగతి ఎప్పుడూ చెప్పలేదే!"

"మీ అమ్మ ఆ రోజు నిద్రపోయుంటుంది. లోపల ఆవిరి పట్టి బంతి ఢామ్మని ఎగిరి అంత దూరాన బ్లాక్‌బర్న్ ఊళ్లో పడింది. అక్కడింకో ఆట జరుగుతోంది. అక్కడా గోలే! ఓడేవాళ్లు కాస్తా గెలిచి, నాకు మాంసం, బంగాళాదుంపలు వేసి వండిన హాట్‌పాట్ కూర గిన్నెడు పంపారు. ఎవరిచేత? ఆ గోల్‌కీపరుచేతే! వాడింకా బంతి వదల్లేదు మరి."

పబ్బంతా గొల్లున నవ్వింది. ఏమోస్ కుర్చీలోంచి సగం లేచాడు కూడా.

"అడ్డకర్ర విరిగిందా?" అని గుమ్మంలోంచి వినబడింది. మొగుణ్ణి భోజనానికి తీసుకెళ్దామని వచ్చిన జేబెజ్ పెళ్లాం కెజాయా గొంతది. "ఏమయ్యా, ఆ రోజుల్లో మన మైదానంలో గోలుకి కర్రెక్కడిది? రెండు గుంజలకీ నాడా కట్టేవాళ్లు. అది వానకి తెగితే నా ఎర్ర లంగా అంచు చింపి కట్టింది నేనే కదూ!"

జేబెజ్ మొహం చిన్నబోయింది.

"అయితే గోలే కొట్టలేదా వదినా?"

"ఎందుకు కొట్టలేదూ! బురదలో జారి చతికిలబడ్డాడు. ఎవరో తన్నిన బంతి ఈయన వీపుకి తగిలి, నా లంగా అంచు కిందనుంచి లోపలికి పోయింది. ఆ ఒక్క గోలుతోనే గెలిచాం. నాకీ మనిషి నచ్చింది కూడా ఆ రోజే."

ఏమోస్ పూర్తిగా లేచి, టోపీతో కుర్చీ దుమ్ము దులిపాడు. "కూర్చో వదినా. నీ లంగా అంచు లేకపోతే గోలెక్కడిది!"

కెజాయా దర్జాగా కూర్చుని పొయ్యికేసి కాళ్లు చాపింది.

"మరి నేనో?" అన్నాడు జేబెజ్.

"కింద కూర్చునే ఆ గోలు కొట్టావుగా, ఇప్పుడూ అలాగే కూర్చో," అంది కెజాయా.

జేబెజ్ నవ్వుతూ ఆమె పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. మోకాళ్లకి సెగ అక్కడా బాగానే తగిలింది.