షింజి సరస్సులో కంటికానని మేత

జపాన్‌లోని షింజి సరస్సు ఒడ్డున ఇసావో వలలు మడత పెడుతున్నాడు. వరి పండించే ఇంటికి ఇల్లరికం వెళ్లిన అతని తమ్ముడు షున్‌పే బియ్యం సంచీ దింపాడు కానీ, వచ్చిన పని చెప్పడానికి నోరు పెగలడం లేదు.

"మళ్లీ బియ్యమా? మీ మామగారి గాదె ఖాళీ చేసేస్తావా ఏంట్రా?"

"కొత్త బియ్యం అన్నయ్యా. వదిన అడిగితేనూ..."

"మీ వదిన ఎవర్నీ ఏదీ అడగదు. సంగతేంటో చెప్పు."

"ఏం లేదు. పడవేదీ?"

"అమ్మేశా."

"నాన్న పడవ!"

"వకసాగి చేప ఒక్కటీ పడని సరస్సులో ఊరేగమంటావా? నా పాపమేరా. పిల్ల చేపల్ని కూడా వదలకుండా గుంజేశా. నాన్న వద్దంటూనే ఉండేవాడు."

"నీ పాపం కాదు."

"నీకేం తెలుసు? ఇల్లరికం పోయాక వల ముట్టుకున్నావా?"

"నీది కాదంటున్నానా! మేం వరికి మందు చల్లిస్తాం చూడు..."

"చల్లిస్తే? పురుగు చస్తుంది."

"పురుగుతో ఆగదు. ఆ నీళ్లు కాలవలోకి, కాలవలోంచి ఇక్కడికి. నీళ్లు పరీక్ష చేసే అమ్మాయొచ్చి మైక్రోస్కోపులో చూపించింది. ముందు కొండవాగు నీళ్లు. కంటికానని పురుగులు, గెంతులే గెంతులు. చేపపిల్ల గుడ్డులోంచి రాగానే తినేది వాటినేనట. తల్లిపాలలాంటివన్నమాట. తర్వాత మా కాలవ నీళ్లు పెట్టింది."

"ఊఁ?"

"నీళ్లే. వట్టి నీళ్లే అన్నయ్యా."

"ఎప్పుడు చూపించింది?"

"అదే... మొన్నామధ్య."

"ఎప్పుడ్రా?"

"పోయినేడు."

"మరి ఈ ఏడు చల్లించలేదా?"

"మామగారు... పంట పోతే ఇంట్లో నా మొహం ఎవరు చూస్తారు? అందరూ చల్లిస్తున్నారు, నేనొక్కణ్ణీ..."

"చల్లించావు."

"చల్లించాను."

"ఈ బియ్యం ఆ పంటేనా?"

"ఆ పంటే. తిట్టు అన్నయ్యా. కొట్టు. ఇక వద్దు, ఒట్టు. రైతుసంఘానికి రేపే చెప్పేస్తా, మా మళ్లలో మందు చుక్క పడకూడదని. పక్కవాళ్ల కాళ్లు పట్టుకునైనా మానిపిస్తా."

"వద్దు."

"ఏం వద్దు?"

"ఎవరికీ ఏం చెప్పకు."

"అదేంటి! నీ కోసమేగా నేను..."

"నా కోసమే వద్దంటున్నా. మందు చల్లే డ్రోనుకి సంఘం వాళ్లు మనిషిని పెట్టుకున్నార్రా. నన్నే."