మేడమ్‌కు కనిపించని చేప

మేడమ్ సంతాప సభకు వచ్చిన అందరికీ నమస్కారం. ఈ ల్యాబులో ఒకేసారి ఇంతమందిని నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలు చాలక విద్యార్థులు చేపల తొట్ల పక్కన నిలబడ్డారు. మేడమ్ చెల్లెలుగారు ముందు వరుసలో ఉన్నారు. అమ్మా, మిమ్మల్ని ఏమని ఓదార్చాలి? ఆ అర్హత నాకుందో లేదో నా మాటలు విన్నాక మీరే చెప్పాలి.

పద్దెనిమిదేళ్లు మేడమ్ దగ్గర పనిచేశాను. మొదటిరోజే నన్ను మోకాలి లోతు వాగులో నిలబెట్టి, ఒక రాయి ఎత్తి చూపించారు. కింద చిటికెనవేలంత చేప. రంగు రాయిదే, మచ్చలు ఇసుకవే. దాని పొట్టలో గాలి సంచి లేదు, కాబట్టి నీళ్లలో తేలదు. చల్లగా, వేగంగా పారే నీళ్లలో రాళ్లను కరుచుకుని బతుకుతుంది. ఆయుష్షు ఏడాదిన్నర. జన్మలో ఒక్కసారే గుడ్లు. ఆడచేప వాటిని రాతి అడుగున అంటించి తన దారిన తను పోతుంది. మగచేప తిండి మానేసి, మూడు వారాలు రెక్కలతో నీళ్లు విసురుతూ కాపలా కాస్తుంది. "ఇలాంటివాడు ఒక్కడు దొరికినా నేనూ పెళ్లి చేసుకునేదాన్నయ్యా" అనేవారు మేడమ్.

ఎత్తిన రాయిని అదే గుంటలో, అదే వైపు కిందికి పెట్టి రావాలి. అది ఆవిడ పట్టుదల. ఒకసారి నేను తొందరపడి వదిలేస్తే, బస్సు దాకా వచ్చినవాళ్లం మళ్లీ వాగులోకి దిగాం. "వాళ్లింటి పైకప్పు పీకి చూస్తున్నాం. మళ్లీ కప్పి రావద్దూ" అన్నారు. నాకు అప్పుడది చాదస్తమనిపించింది.

ఏడేళ్ల కిందట మేడమ్ కాలు విరిగింది. గుడ్లు పెట్టే నెలలో ఏటా తను చేసే చేపల లెక్క నాకు అప్పగించారు. పదిమంది విద్యార్థులతో వెళ్లాను. ఆవిడకంటే పెద్ద అంకె తేవాలని నా తాపత్రయం. వాగు పొడవునా ప్రతి రాయీ తిరగేయించాను. సర్దిపెట్టాలని ఆ పిల్లలకు నేను చెప్పలేదు. వాళ్ల తప్పేమీ లేదు. వాన మొదలైంది. గుడ్లున్న వైపు పైకే వదిలేసి వచ్చేశాం. మూడు వందల పన్నెండు చేపలు. అంత లెక్క ఎప్పుడూ రాలేదు. పరుగున ఆసుపత్రికి వెళ్లి చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "రాళ్లు సర్దారా?" సర్దామన్నాను.

మరుసటేడు పదకొండు. ఆపై ఏడాది ఒక్కటీ లేదు.

మేడమ్ ఎవరిని అనుమానించారో తెలుసా? నన్ను కాదు, తన కళ్లను. "నాకే చూపు ఆనడం లేదయ్యా" అంటూ రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించుకున్నారు. చేయి పట్టుకుని తీసుకెళ్లింది నేనే. డాక్టరు సరేననగానే వాగుకు బయల్దేరారు. సాయంత్రం దాకా రాయి తర్వాత రాయి ఎత్తారు, పెట్టారు. చివరికి ఒడ్డున కూర్చుని, "నాచు పోగులు కూడా కనిపిస్తున్నాయి. చేపే కనిపించడం లేదు" అన్నారు. పక్కనే ఉన్నాను. ఆ తర్వాత కూడా పోయేదాకా ప్రతి వారం వెళ్లారు. ప్రతి వారం నేనూ వెళ్లాను, లేదని తెలిసే వెళ్లాను.

అయ్యా, అమ్మా, ఆ చేప మరో వాగులో దొరుకుతుందని మీకు ఆశ చూపించలేను. చుట్టుపక్కల వాగులన్నీ వెతికాను. లేదు. క్షమించమనీ అడగను. క్షమించాల్సిన మనిషి లేరు. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

దయచేసి అందరూ లేచి నిలబడండి. మేడమ్ కోసం రెండు నిమిషాలు మౌనం పాటించండి. నేను ఏడేళ్లు పాటించాను.