తేదీ లేని కాగితం

1999, మాదాపూర్. ఒక మేడ మీద గదిలో ఇంగ్లీషు చెప్పి బతికే సీతారామాంజనేయులు మాస్టారు, ఆయన ముందు బిల్డింగు కాంట్రాక్టరు ఆఫీసులో టైపిస్టు స్వప్న.

"ఛీ ఛీ. చదవలేకపోతున్నానమ్మాయ్. ఈ ప్రమాదం రిపోర్టు ఎవరు టైపు కొట్టారు?"

"నేనే సార్."

"ఆరు నెలలు నా దగ్గర నేర్చుకున్నదానివి. 'పెంటయ్య నెగ్లిజెన్స్ ఇన్ నాట్ వేర్ ద బెల్ట్'. ఇదేం ఇంగ్లీషు? ఆ నెగ్లిజెన్స్, ఆ నిర్లక్ష్యం ఎవరిది?"

"గదే సార్ నేను గూడ అడిగేది. ఎవరిది?"

"పెంటయ్యది. అందుకని ఆ పేరు నెత్తిన కామా పెట్టి ఎస్ తగిలించాలి. పెంటయ్యాస్ నెగ్లిజెన్స్. దాని వెనక ఇన్. ఇన్ వెనక వచ్చే పని మాటకి ఐఎన్‌జీ. ఇన్ నాట్ వేరింగ్ ద బెల్ట్. ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఆ మనిషి, ఆ తప్పు, ఆ పని, మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని రావాలి. ఎవడు లాగినా ఊడి రాకూడదు."

"ఊడొస్తలేదు సార్. గందుకే వచ్చిన."

"ఆ ఎర్ర పెన్ను ఇలా ఇవ్వు."

"జర ఆగుండ్రి. దిద్దకుండ్రి."

"దిద్దకపోతే ఎందుకు తెచ్చావు? మీ మేనేజరు విశ్వేశ్వరరావుగారు పొద్దున్నే ఫోను చేశారు. స్వప్నతో పంపుతున్నా, గంటలో దిద్ది ఇచ్చేయండి మాస్టారూ అన్నారు."

"ఆయన దిద్దమనే పంపిండు. నేనే వద్దంటున్న. ఆ లైను తీసెయ్యుండ్రి సార్. తప్పు పెంటయ్యది కాదని రాయుండ్రి."

"నేను ఇంగ్లీషు దిద్దేవాణ్ణి తల్లీ. మనుషుల తప్పులు నాకెందుకు? కింద ఎవరో సైకిలు బెల్లు కొడుతున్నారు, చూడు."

"నన్ను తెచ్చిన మనిషి సార్. కొట్టనియ్యుండ్రి. బెల్టు పెట్టుకోలేదని రాసిండ్రు గదా, పైనుంచి పడకుండ కట్టుకునే ఆ బెల్టులు ఆఫీసు బీరువల ఉన్నయి. ప్లాస్టిక్ కవర్లు గూడ ఇప్పలే."

"నీకెలా తెలుసు?"

"తాళంచెవి నా సొరుగుల ఉంటది. పెద్దోళ్లు బిల్డింగ్ చూడనీకి వచ్చిన రోజు నేనే తీసిస్త. తలా ఒకటి కట్టుకుంటరు, ఫొటో దించుతరు, మళ్ల మడతపెట్టి నేనే బీరువల పెడ్త. రోజూ ఇస్తే మాసిపోతయంట."

"మాసిపోతాయా?"

"విశ్వేశ్వరరావు సార్ గట్లనే అంటడు."

"థూ. ఏం మనుషులమ్మా. పనివాళ్ళు అడగరా?"

"ఒకాయన అడిగిండు. తెల్లారి నుంచి పనికి రావద్దన్నరు. ఇగ ఎవలు అడుగుతరు?"

"ఇంతకీ పెంటయ్య నీకేమవుతాడు? ఎందుకింత పట్టుబట్టి అడుగుతున్నావు?"

"మా చిన్నాయన సార్. మదీనాగూడల ఒకటే ఇంట్ల ఉంటం. ఈ కాగితం గిట్లనే ఫైలుల పడితే మా పోచమ్మ చిన్నమ్మకు పరిహారం రాదు. తప్పంత మీ ఆయనదే, పో అంటరు."

"అయ్యో. ముందే చెప్పొద్దూ? ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని వస్తే నేను ఎస్సులూ కామాలూ అంటూ కూర్చున్నాను. పాపం, ఎప్పుడు జరిగిందమ్మా?"

"ముందు ఆ లైను సంగతి చెప్పుండ్రి సార్."

"ఉండు, ఉండు. ఈ వాక్యం నేనెక్కడో చూశాను. ఇది... ఇది నా వాక్యమే. పోయిన ఎండాకాలం మునిస్వామి అనే అతను పైనుంచి పడిపోతే, ఆ రిపోర్టులో నేను రాసిచ్చిందే."

"అవును సార్. మీదే. మాకు శానా అక్కరకొచ్చింది. పేరు ఒక్కటే మారుస్తం. మారిస్తే ఆ ఎస్ పోయింది, ఐఎన్‌జీ గూడ నేనే మింగిన."

"అతని భార్యకేమైనా ఇచ్చారా?"

"ఎల్లమ్మకా? పరిహారం కోసం మూడుసార్లు తిరిగింది పెద్దాఫీసు చుట్టు. అక్కడి సారు మీ కాగితం చదివి, ఇంత సాఫ్‌గ రాసినంక ఇగ అనుమానమేముందమ్మా, తప్పు నీ పెనిమిటిదే అన్నడంట. ఇప్పుడు మా ఆఫీసుల నేల తుడుస్తది. ఆ బీరువ ముందే తుడుస్తది సార్."

"ఆపు తల్లీ. నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఆ రోజు కామా ఎక్కడ పెట్టాలా అని అరగంట ఆలోచించాను. ఆ మనిషికి బెల్టు ఎందుకు లేదని ఒక్కమాట అడగలేదు."

"నేను గూడ అడగలే సార్. టైపు కొట్టిన."

"ఆ కాగితం ఇటు తే. కొత్తగా రాస్తాను. కాంట్రాక్టర్స్ నెగ్లిజెన్స్ ఇన్ లాకింగ్ అప్ ద బెల్ట్స్. బెల్టులకి తాళం వేసిన కాంట్రాక్టరుదే తప్పు. ఇదీ ఊడి రాదు, లాక్కోమను. విశ్వేశ్వరరావు నాకింకో కాగితం పంపకపోతే పీడా పోయింది. తేదీ చెప్పు, ఇక్కడ ఖాళీ వదిలేశావు."

"తేదీ లేదు సార్."

"ప్రమాదానికి తేదీ లేకపోవడమేంటి? టైమూ లేదు. వేలిముద్ర మాత్రం ఉంది. దవాఖానలో వేయించారా?"

"లే సార్. పనిల చేరిన నాడే ఏయించుకుంటరు."

"నాకు అర్థం కావట్లేదు."

"మునిస్వామప్పుడు పడ్డంక రాసిండ్రు, రాసేసరికి బాగ పరేషాన్ అయ్యిండ్రు. అప్పటిసంది ఎనిమిదో అంతస్తు దాటి ఎక్కేటోళ్లకు తలా ఒక కాగితం ముందే టైపు చేసి పెడ్తున్నం. పేరు, వేలిముద్ర, మీ లైను. తేదీ ఒక్కటి తర్వాత ఏస్తరు."

"తర్వాత అంటే?"

"పడ్డంక."

"అంటే పెంటయ్య..."

"కింద బెల్లు కొడుతున్నది ఆయనే సార్. పైకెక్కనీకి లేటైతదంట, జల్ది దిద్దియ్యమంటున్నడు."